కొత్త ఫొటో ప్రింటర్ తేడా చేస్తే ముందు రుజువు, తర్వాతే రిపేరు

సంపాదకుల వారికి నమస్కారం.

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయంటే అమలాపురం, భీమవరం, పాలకొల్లు, రాజమహేంద్రవరం షాపుల్లో ఫొటో ప్రింటర్లకి గిరాకీ పెరుగుతుంది. స్టూడియో వాళ్లతో పాటు జిరాక్సు షాపులు, నెట్ సెంటర్లు, పెళ్లి మండపం దగ్గరే ఫొటో తీసి అతిథి చేతిలో పెట్టే కుర్రాళ్లు కూడా ఇప్పుడు కొంటున్నారు. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి కనుక రేవుల దగ్గర అప్పటికప్పుడు ప్రింటు ఇచ్చే పని కోసం కొనేవాళ్లు ఇంకా పెరుగుతారు. కొన్న మెషిన్ మొదటి రోజుల్లోనే తేడా చేస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

చాలామంది నష్టపోయేది మొదటి వారంలో. ఫొటోలో గీతలు పడుతున్నాయని షాపుకి ఫోన్ చేస్తే "ఇంకు ఇంకా సెట్ అవ్వలేదండీ, రెండు మూడు క్లీనింగులు కొట్టండి, నాలుగు రోజులు వాడితే అదే సర్దుకుంటుంది" అంటారు. చెప్పినవాళ్లకి చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఆ నాలుగు రోజులు వారమవుతుంది, వారం పదిహేను రోజులవుతుంది, మెషిన్ మార్చి ఇచ్చే గడువు దాటిపోతుంది. ఆ తర్వాత దక్కేది వారంటీ కింద రిపేరే. ఆన్‌లైన్‌లో కొన్నదానికి మార్పిడి గడువు ఆర్డరు పేజీలోనే రాసి ఉంటుంది, తరచుగా 7 లేదా 10 రోజులు. షాపులో కొన్నదానికి కంపెనీ పెట్టిన గడువు వర్తిస్తుంది. పెట్టె తెరిచేసరికే మెషిన్ చెడిపోయి ఉందని సర్వీసు సెంటర్ రాసిచ్చే కాగితాన్ని డీఓఏ సర్టిఫికెట్ అంటారు. అది చేతికొస్తే షాపువాడు మెషిన్ మార్చక తప్పదు. అందుకే మొదటి వారంలో పని ఒక్కటే. లోపం నిజంగా ఉందో లేదో తేల్చుకోవాలి, ఉంటే దాన్ని కాగితం మీదికి ఎక్కించాలి.

పెట్టె తెరవడంతోనే ఈ పని మొదలవుతుంది. కొరియరులో వచ్చినదైతే చిరునామా చీటీ, సీలు టేపు, సీరియల్ నంబరు కనిపించేలా ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీయాలి. ముక్కలు అతికించిన వీడియో ఎవరూ ఒప్పుకోరు. పెట్టె మీద, మెషిన్ వెనక, బిల్లులో ఉన్న సీరియల్ నంబర్లు మూడూ ఒకటేనా అని చూసుకోవాలి. చాలా బిల్లుల్లో "కలర్ ప్రింటర్, 1" అని మాత్రమే కొడుతున్నారు. ఫలానా మెషిన్ ఫలానా షాపులోనే కొన్నామని రేపు చూపించడానికి ఆ బిల్లు చాలదు. సీరియల్ నంబరు వేయించుకోకుండా షాపు మెట్లు దిగొద్దు. పెట్టె, థర్మకోల్, ప్లాస్టిక్ సంచులు గడువు దాటేదాకా అటక మీద ఉండాలి, ఎలకలు కొట్టకుండా.

ఇంకు చల్లే భాగాన్ని హెడ్ అంటారు. అది కదలకుండా లోపల అంటించిన రంగు టేపులన్నీ తీశాకే స్విచ్ వేయాలి. ఒక్క టేపు మిగిలినా హెడ్ దానికి తగిలి ఆగిపోతుంది, స్క్రీన్ మీద పెద్ద ఎర్రర్ వస్తుంది. అది మెషిన్ తప్పు కాదు. ఇంకు ట్యాంకు మోడల్ అయితే ఇంకు పోశాక మొదటిసారి అది గొట్టాల్లోకి, హెడ్‌లోకి ఎక్కడానికి కొంతసేపు పడుతుంది. ఆ పని మధ్యలో కరెంటు పోతే గొట్టాల్లో గాలి చిక్కుకుంటుంది, ఆ గాలే తర్వాత రంగు తెగిపోవడానికి కారణమవుతుంది. కాబట్టి మొదటిసారి ఇంకు ఎక్కించే పని యూపీఎస్ మీద పెట్టి చేయాలి. అది అయ్యాక ట్యాంకులో ఇంకు మట్టం తగ్గి కనిపిస్తుంది. లీకు అనుకుని కంగారు పడొద్దు, ఆ ఇంకంతా గొట్టాల్లో ఉంది.

ఇక అసలు పరీక్ష నోజిల్ చెక్, అంటే హెడ్‌లో ఇంకు వచ్చే సన్నటి రంధ్రాలన్నీ (నోజిళ్లు) పనిచేస్తున్నాయో లేదో చూపించే గీతల షీటు. పెళ్లికూతురి ఫొటో ఒకటి ప్రింటు తీసి బాగుందో లేదో చూడటం పరీక్ష కింద లెక్కకు రాదు. ఫొటోలో రంగులు ఒకదాని మీద ఒకటి పడి చిన్న లోపాల్ని దాచేస్తాయి. మామూలు ఏ4 తెల్ల కాగితం పెట్టి మెషిన్ మెనూలోంచి గానీ కంప్యూటర్‌లో మెయింటెనెన్స్ ట్యాబ్ నుంచి గానీ నోజిల్ చెక్ తీయాలి. ఆరు రంగుల మెషిన్‌లో నలుపు, సయాన్ (ఆకాశ నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, లేత సయాన్, లేత మెజెంటా గీతలన్నీ తెగకుండా రావాలి. లేత రంగులు పట్టపగటి వెలుతురులో చూడాలి, ట్యూబ్‌లైట్ కింద ఆనవు. పసుపు అయితే మామూలు కంటికి దాదాపు కనిపించదు. షూటింగ్ లైట్లకి కట్టే నీలం జెలటిన్ పేపరు ముక్కని మొబైల్ ఫ్లాష్ మీద అడ్డం పెట్టి ఆ వెలుతురులో చూడండి. పసుపు గీతలు నల్లగా తేలతాయి, ఎక్కడ తెగిందో ఇట్టే తెలిసిపోతుంది.

గీత తెగి ఉంటే మెనూలోంచి ఒక హెడ్ క్లీనింగ్ (మెషిన్ ఇంకు లాగి నోజిళ్లని తనే శుభ్రం చేసుకునే పని) చేసి మళ్లీ చెక్ తీయాలి. ఇలా మూడుసార్లు. ఆ షీట్లు ఏవీ పారేయొద్దు. ప్రతిదాని మీదా తేదీ, గంట, వరుస సంఖ్య పెన్నుతో రాయాలి. మూడు షీట్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే రోగం బయటపడుతుంది. తెగిన చోటు మూడింటిలోనూ కదలకుండా అక్కడే ఉంటే ఆ నోజిల్ మూసుకుపోయింది, లేదా దానికి కరెంటు సంకేతం అందడం లేదు. తెగిన చోటు షీటు షీటుకీ మారుతుంటే లోపల గాలి ఉంది, ఇంకు సాఫీగా రావడం లేదు. రెండో రకమైతే ఓపిక పట్టాలి. మూడు విడతలకీ సర్దుకోకపోతే ప్రింటు తీయకుండా కనీసం 12 గంటలు వదిలేసి మళ్లీ చూడమని ఎప్సన్ ఇంకు ట్యాంకు మోడళ్ల మాన్యువల్‌లోనే ఉంటుంది. గాలి బుడగలు ఆ లోపు పైకి తేలి పోతాయి. 12 గంటల తర్వాత ఇంకొక్క క్లీనింగ్, ఇంకొక్క చెక్. అప్పటికీ తెగితే ఇక మెషిన్ మీద చెయ్యి వేయొద్దు, ఫిర్యాదే. మొదటి రకం, అంటే కదలని ఖాళీ, కొత్త మెషిన్‌లో కనిపిస్తే మార్పిడికి అంతకన్నా గట్టి ఆధారం ఉండదు. ఎప్సన్ మోడళ్లలో హెడ్ మెషిన్‌లో భాగం, దాన్ని మార్చే ఖర్చు చిన్నది కాదు. కొన్ని కానన్ ట్యాంకు మోడళ్లలో హెడ్ ఊడదీసి మార్చుకోవచ్చు. అలాంటప్పుడు సర్వీసువాళ్లు హెడ్ మాత్రం మారుస్తామంటారు. మార్పిడి గడువు లోపల ఉన్నంతవరకు దానికి ఒప్పుకోవాల్సిన అవసరం లేదు.

నోజిల్ చెక్ నిండుగా వచ్చి కూడా ఫొటోలో గీతలు పడుతున్నాయంటే బూడిద షీటు తీయాలి. ఫొటోషాప్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 128 పెట్టి పేజీ నిండా ఒకటే బూడిద రంగు నింపి, ఫొటో పేపరు మీద, ఆ పేపరు రకమే సెట్టింగులో ఎంచుకుని, హై క్వాలిటీలో ప్రింటు తీయాలి. ఆ షీటు మీద ఏ లోపమూ దాగదు. గీత ఏ దిక్కున పడిందో చూడాలి. హెడ్ అటూ ఇటూ తిరిగే దిక్కున, సమదూరంలో గీతలు పడితే పేపరు జరిగే లెక్కలో తేడా. ముందు మెనూలోంచి అలైన్‌మెంట్ (హెడ్ వరుస సరిచేసే పని) చేసి, ప్రింటు సెట్టింగులో హై స్పీడ్ టిక్కు తీసి మళ్లీ కొట్టాలి. దాంతో పోతే సంతోషం, అది మార్పిడి అడగాల్సిన లోపం కాదు. పేపరు బయటికొచ్చే దిక్కున సన్నటి గీత గానీ చుక్కల వరుస గానీ ఉంటే లోపల ఏదో రాసుకుంటోంది, లేదా పళ్ల చక్రాలు అచ్చు పడుతున్నాయి. ఒకే మచ్చ ఒకే దూరంలో మళ్లీ మళ్లీ పడితే అది రోలరు. ఆ దూరాన్ని స్కేలుతో కొలవండి, అదే రోలరు చుట్టుకొలత. 63 మిల్లీమీటర్లు ఉందనుకుందాం, 3.14తో భాగిస్తే 20 వస్తుంది. అంటే 20 మిల్లీమీటర్ల మందం రోలరు మీద మరకో దెబ్బో ఉంది. ఫిర్యాదులో ఈ కొలత రాస్తే "సెట్టింగు తేడా అండీ" అనే జవాబు రాదు.

మండపాల దగ్గర వాడే రిబ్బన్ మెషిన్లకి నోజిళ్లు ఉండవు. పసుపు, మెజెంటా, సయాన్, పైన రక్షణ పూత, ఇలా ఒకే షీటు నాలుగుసార్లు వేడి హెడ్ కిందికి వెళ్లి వస్తుంది. వీటికి మూడు షీట్లు తీస్తే చాలు: ఒకటి తెలుపు, ఒకటి బూడిద, ఒకటి నలుపు. ప్రతి ప్రింటుకీ రిబ్బన్‌లో ఒక ముక్క ఖర్చవుతుంది కనుక అంతకు మించి వద్దు. అక్కడొకటి ఇక్కడొకటి తెల్ల చుక్కలు పడితే దుమ్ము. తీర్థాల్లో, ఇసుక రేవుల్లో ఇది తప్పదు, మెషిన్ తప్పు కాదు. నల్ల షీటులో పై నుంచి కింది దాకా ఒకే చోట తెల్ల గీత పడితే హెడ్ మీద మురికి అయినా ఉండాలి, ఒక వేడి బిందువు కాలిపోయి అయినా ఉండాలి. మెషిన్ ఆపి, హెడ్ చల్లారాక, నూగు రాని బట్టకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి ఒకే దిక్కున తుడవాలి. తుడిచాక కూడా గీత అదే చోట ఉంటే హెడ్ పోయినట్టే. మూడు రంగులూ ఒకదాని మీద ఒకటి కూర్చోక అంచుల్లో వేరే రంగు నీడ కనిపిస్తే పేపరు పట్టుకునే రోలరు జారుతోంది. అది కూడా మార్పిడి అడగదగ్గదే. కొనేటప్పుడు ఒక సంగతి అడిగి రాయించుకోండి: హెడ్‌కి వారంటీ కాలంలో లెక్కా, ప్రింట్ల సంఖ్యలో లెక్కా?

ఇప్పుడు మన గాలి సంగతి. ఇంకుజెట్ మెషిన్లు సాధారణంగా 10 నుంచి 35 డిగ్రీల వేడికి, 20 నుంచి 80 శాతం తేమకి తయారై ఉంటాయి. రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు వానాకాలంలో ఆ 80 దాటే రోజులు చాలా ఉంటాయి, రోహిణి కార్తెలో 35 డిగ్రీలు దాటడం గురించి చెప్పనక్కర్లేదు. తేమ పట్టిన ఫొటో పేపరు అంచులు లేస్తాయి, రెండు షీట్లు కలిసి లోపలికి పోతాయి, డై ఇంకు (నీళ్లలో కరిగే రంగు ఇంకు) ఆరక పాకుతుంది, నల్ల కోటు మీద మెజెంటా జీర వస్తుంది. ఇవన్నీ మెషిన్ లోపాలుగా కనిపిస్తాయి గానీ కావు. సర్వీసు ఇంజినీరు వచ్చినప్పుడు మొదట అడిగేది కూడా ఇదే, "పేపరు ఎక్కడిది, ఇంకు ఎక్కడిది" అని. అందుకని పరీక్షలన్నీ అప్పుడే విప్పిన కంపెనీ పేపరు ప్యాకెట్టుతో, పెట్టెలో వచ్చిన అసలు ఇంకుతోనే చేయాలి. తేమ చూపించే చిన్న మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది, దాన్ని మెషిన్ పక్కన పెట్టి ఫొటో తీసి ఉంచుకోండి. వాడని పేపరు రాత్రిపూట ట్రేలో వదలొద్దు, జిప్ కవరులో సిలికా జెల్ పొట్లంతో పెట్టాలి. పూత ఏ వైపు ఉందో అనుమానం వస్తే వేలు కాస్త తడి చేసి మూలన ఆనించండి, అంటుకునేదే ప్రింటు పడాల్సిన వైపు. తిరగేసి పెట్టి ఇంకు కారుతోందని ఫిర్యాదు చేసేవాళ్లు కూడా ఉన్నారు.

లోపం కానివి ఇంకో రెండు చెప్పాలి, ఎందుకంటే వీటి మీద చాలా గొడవలు జరుగుతున్నాయి. ఫోన్ తెరలో కనిపించిన రంగు ప్రింటులో రాలేదన్న కారణంతో ఎవరూ మెషిన్ మార్చరు. పేపరుకి తగ్గ ప్రొఫైల్ (ఆ పేపరు మీద రంగులు సరిగా వచ్చేలా చేసే ఫైలు) పెట్టుకోవాలి. రెండోది పాస్‌పోర్ట్ ఫొటో కొలత. 4×6 షీటులో 35×45 మిల్లీమీటర్ల ఫొటోలు ఎనిమిది పేర్చి అంచు లేకుండా ప్రింటు తీస్తే, మెషిన్ పేపరు అంచులు దాటేలా బొమ్మని కాస్త పెంచుతుంది. కొలిస్తే 35 కన్నా ఎక్కువే వస్తుంది, అంచు వరుస కాస్త తెగొచ్చు. అంచు వదిలి ప్రింటు తీస్తే, లేదా పెంచే మోతాదుని కనిష్ఠానికి తెస్తే కొలత కుదురుతుంది.

కరెంటు విషయంలో మాత్రం తప్పు కొంతవరకు మనదే. చేపల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఒకేసారి ఆడే లైన్ల మీద, పెళ్లి మండపాల జనరేటర్ల మీద వోల్టేజి నిలకడగా ఉండదు. ప్రింటరు పెట్టే ప్లగ్గులో ఎర్తుకీ న్యూట్రల్‌కీ మధ్య మల్టీమీటరుతో చూస్తే రెండు మూడు వోల్టులు మించకూడదు. మించితే ఎర్తింగ్ సరిగా లేనట్టే, యూఎస్‌బీ పోర్టు, బోర్డు కాలడానికి అది దారి. ఇంకుజెట్‌కి 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. రిబ్బన్ మెషిన్ ప్రింటు తీసే క్షణాల్లో కొన్ని వందల వాట్లు లాగుతుంది, దానికి అంతకన్నా పెద్దది కావాలి. మెషిన్‌ని ఎప్పుడూ దాని మీది బటన్‌తోనే ఆపాలి. అప్పుడే హెడ్ మూలకు వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. గోడ స్విచ్ కట్టేస్తే హెడ్ ఎక్కడుంటే అక్కడే తెరుచుకుని ఉండిపోతుంది, తెల్లారేసరికి ఇంకు ఎండుతుంది. మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ఒకసారి వేసి బటన్‌తో ఆపాలి.

క్లీనింగుల గురించి గట్టిగానే చెప్పాలి. ప్రతి క్లీనింగ్‌లో ఇంకు హెడ్ గుండా బయటికి లాగబడి వేస్ట్ ప్యాడ్ అనే పీల్చుకునే మెత్తలోకి పోతుంది. మెషిన్ దాన్ని లెక్క పెట్టుకుంటుంది. ఎన్ని పేజీలు తీశారు, ఎన్ని క్లీనింగులు చేశారు అన్నది ఇంజినీరు ల్యాప్‌టాప్ తగిలించగానే బయటపడుతుంది. కొన్న వారానికే 20 క్లీనింగులు కనిపిస్తే మెషిన్‌ని మీరే పాడుచేశారనే వాదనకి మీరే ఆధారం ఇచ్చినవాళ్లవుతారు. ఆపైన పవర్ క్లీనింగ్ (గొట్టాల్లోని ఇంకంతా లాగేసే పెద్ద క్లీనింగ్) ట్యాంకుల్లో మూడో వంతు కన్నా తక్కువ ఇంకు ఉన్నప్పుడు చేస్తే గాలి పీల్చుకుని మెషిన్ నిజంగానే చెడుతుంది. సిరంజితో వేడినీళ్లు ఎక్కించడం, మెషిన్ లెక్కల్ని చెరిపేసే రీసెట్ సాఫ్ట్‌వేర్ నెట్‌లోంచి తెచ్చి వాడటం మార్పిడి గడువులో అసలు చేయొద్దు. మాలాంటి బయటి మెకానిక్‌ల దగ్గరికి కూడా అప్పుడు తేవొద్దు. ఒక్క స్క్రూ విప్పిన గుర్తు ఉన్నా ఆ మెషిన్‌కి మార్పిడి దాదాపు రానట్టే. అలాగే చేతిలో ఆర్డరు ఉంది కదా అని గీతలు పడే మెషిన్ మీదే 500 ప్రింట్లు లాగొద్దు. పేజీల లెక్క పెరిగేకొద్దీ "వాడుకున్నారు కదా" అనే మాట బలపడుతుంది. ఆ ఆర్డరు పక్క ఊరి స్టూడియోలోనో, కలర్ ల్యాబ్‌లోనో చేయించి, బిల్లు ఉంచుకోండి. నష్టం అడిగేటప్పుడు ఆ బిల్లు పనికొస్తుంది.

ఫిర్యాదు అంటే షాపుకి ఫోన్ చేయడం కాదు. కంపెనీ టోల్ ఫ్రీ నంబరుకి చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి, అది ఎస్సెమ్మెస్‌లో ఉండాలి. అదే రోజు ఈమెయిల్‌లో బిల్లు, సీరియల్ నంబరు ఫొటో, తేదీలు రాసిన నోజిల్ చెక్ షీట్లు, వీడియో పంపాలి. విషయం నాలుగు వాక్యాల్లో చాలు: మోడలు, కొన్న తేదీ, ఏ పరీక్షలో ఏ లోపం ఎన్నిసార్లు వచ్చింది, "మార్పిడి కోరుతున్నాను" అన్న మాట. ఆ చివరి మాట రాయకపోతే దాన్ని మామూలు సర్వీసు కాల్‌గా నమోదు చేస్తారు. ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆ సైటులో కూడా గడువు లోపలే రిటర్న్ నొక్కి ఉంచాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు.

ఇంజినీరు ఇంటికొస్తే అతని ఎదుటే పరీక్ష మళ్లీ చేయించి, ఆ షీటు మీద సంతకం అడగాలి. అందరూ పెట్టరు గానీ అడగడం మన హక్కు. చేసిన పని గురించి అతను రాసే కాగితం (జాబ్ షీట్) మీద ఏం రాశాడో చదవకుండా సంతకం చేయొద్దు. "చెక్డ్ ఓకే" అని ఉంటే, దాని కిందే "గీతలు ఇంకా పడుతున్నాయి, షీటు జతపరిచాను" అని తెలుగులోనే రాసి సంతకం పెట్టండి, ఆ కాగితానికి ఫొటో తీసుకోండి. వినియోగదారుల కమిషన్ దాకా వెళ్తే అన్నిటికన్నా పనికొచ్చేది ఈ జాబ్ షీటే. మెషిన్‌ని మనమే సర్వీసు సెంటరుకి మోసుకెళ్లాల్సిన వారంటీ అయితే జాగ్రత్త మరింత కావాలి. ట్యాంకు మూతలు బిగించి, హెడ్‌ని టేపుతో కదలకుండా చేసి, పాత పెట్టెలోనే, బల్లపరుపుగా ఉంచి తీసుకెళ్లాలి. బస్సు డిక్కీలో నిలువుగా పెడితే ఇంకు పొర్లి కొత్త లోపం పుడుతుంది, ఆ నింద మన మీద పడుతుంది. ఇచ్చినప్పుడు ట్యాంకుల్లో ఇంకు మట్టం, మెషిన్ పైన గీసుకుపోయిన గుర్తులు లేవన్న సంగతి రసీదులో రాయించుకోవాలి.

పదిహేను రోజులకి కూడా కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీకి పంపి జవాబు రాబడతారు. తీర్పు చెప్పే అధికారం వాళ్లకి లేదు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మిన సరుకులో లోపముంటే బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రాసినంత మాత్రాన ఆ బాధ్యత పోదు. ఎక్కడో ఢిల్లీ కంపెనీ దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నా సరే, మనం ఉండే చోటి కమిషన్‌లోనే వేయొచ్చు. సరుకు ఖరీదు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి దగ్గర్నుంచే దాఖలు చేయొచ్చు. లోపం ఉందా లేదా అన్న తగువు వస్తే కమిషన్ మెషిన్‌ని ల్యాబ్ పరీక్షకి పంపగలదు. అందుకే తేదీలు రాసిన షీట్ల మాట ఇంతగా చెప్పడం.

స్టూడియో వాళ్లు ఇక్కడ ఒకటి మరిచిపోతున్నారు. వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవాళ్లు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని, తానే వాడుకునే మనిషికి చట్టంలోనే మినహాయింపు ఉంది. ఫిర్యాదు మొదటి పేరాలోనే "ఈ మెషిన్‌ని నా జీవనోపాధి కోసం స్వయం ఉపాధిగా నేనే నడుపుతున్నాను" అని స్పష్టంగా రాయాలి. పది మందిని పెట్టి నడిపే ల్యాబులకి ఈ దారి దొరకడం కష్టం, వాళ్లు కొనేటప్పుడే మార్పిడి షరతులు రాతపూర్వకంగా తీసుకోవాలి.

మార్పిడి మెషిన్ వచ్చిన రోజు సంతోషంలో సంతకం పెట్టేయొద్దు. కొత్త సీరియల్ నంబరుతో కొత్త బిల్లు గానీ కంపెనీ ఉత్తరం గానీ తీసుకోవాలి. వారంటీ ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుందా, పాతదే కొనసాగుతుందా అన్నది అందులో ఉండాలి. మెషిన్ పెట్టగానే పేజీల లెక్క చూపించే స్టేటస్ షీటు తీయండి. వందల్లో అంకె ఉంటే అది వేరేవాళ్లు వాడి తిప్పి పంపినది. ఇంకు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఆరు రంగుల మోడళ్లలో తరచుగా 70 మిల్లీలీటర్ల సీసాలు ఆరు, మొత్తం 420 మిల్లీలీటర్లు పాత మెషిన్‌తోనే వెళ్లిపోతాయి. మార్పిడి మెషిన్‌తో పాటు ఇంకు సీసాలు కూడా ఇవ్వాలని మొదటి ఈమెయిల్‌లోనే అడిగితే ఇచ్చే అవకాశం ఎక్కువ, చివర్లో అడిగితే ఖాళీ ట్యాంకులే వస్తాయి. జీఎస్టీ నంబరు మీద కొన్నవాళ్లు పాత బిల్లుని రద్దు చేస్తూ ఇచ్చే క్రెడిట్ నోట్ అందిందో లేదో తమ ఆడిటరుకి చూపించుకోవాలి.

మీ పత్రిక ద్వారా మన జిల్లాల షాపు యజమానుల్ని ఒక్కటి అడుగుతున్నాం. ఫొటో ప్రింటర్ అమ్మేటప్పుడు కౌంటర్ మీదే పెట్టె విప్పి, ఇంకు పోసి, ఒక నోజిల్ చెక్, ఒక బూడిద షీటు తీసి, రెండింటి మీదా షాపు ముద్ర వేసి, సీరియల్ నంబరు ఉన్న బిల్లుకి స్టేపుల్ చేసి ఇవ్వండి. ఇంకు పోశాక దూరం మోయకూడదనుకునే మోడళ్లకి, ఇంటికి మనిషిని పంపి అక్కడే తీయండి. గంట పని. లోపమున్న మెషిన్ ఉంటే మీ కౌంటర్ దాటకుండానే కంపెనీకి తిరిగి వెళ్తుంది, కొన్నాయన ముహూర్తం పూట మీ షాపు ముందు నిలబడాల్సిన పని ఉండదు.

ఇట్లు,
ఫొటో ప్రింటర్ల సర్వీసు పనిచేసే పాఠకులు,
రావులపాలెం, డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా